డమ్మీ కడుపునొప్పి

ఆ శుక్రవారం పొద్దున క్యాంటీన్‌లో టీ తాగుతూ కిరణ్ పాల్ తన పథకం విప్పాడు. సాయంత్రం గచ్చిబౌలి మైదానంలో ఐటీ కంపెనీల రగ్బీ ఫైనల్. వాళ్ల జట్టుకు అతనే కెప్టెన్. కొడుకు ఆట ఒక్కసారైనా చూడాలని, సెలవంటే తెలియని నర్సు, అతని తల్లి సుగుణ ఖమ్మం నుంచి పనిగట్టుకుని వస్తోంది. కానీ కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ కూడా ఆ సాయంత్రమే. అది పూర్తయ్యేదాకా ఎవరూ సీటు కదలకూడదని మేనేజర్ రామ్మోహనరావు హుకుం.

"మన డమ్మీ ఎత్తు ఆఫీసులనే వేద్దాం," అన్నాడు కిరణ్ పాల్, ఎదురుగా కూర్చున్న బుల్లిబాబుతో.

డమ్మీ అంటే మరేం లేదు. బంతి రానివాడు చేతులు చాపి, వస్తున్నట్టే అరుస్తూ పరుగెత్తాలి. ఎదుటివాళ్లు వాడి వెంటపడితే బంతి ఉన్నవాడు పక్కనుంచి జారుకుంటాడు. జట్టులో ఆ పని బుల్లిబాబుది. కాకినాడ నుంచి వచ్చిన ఆ అమాయకుడు టోర్నమెంట్ అంతా ప్రాణం పెట్టి పరుగెత్తాడు గానీ, పాపం, ఒక్కసారీ బంతి ముట్టలేదు.

"నాలుగింటికి నువ్వు కడుపునొప్పని లొల్లి చెయ్యి. అందరు నీ దిక్కు చూస్తరు. నేను సర్వీస్ లిఫ్ట్‌ల దిగిపోత."

"మరి నేను మ్యాచ్‌కి ఎలా వస్తానండి?"

"నువ్వు రావు. నీ జాగల ఇంకొకడు ఆడ్తడు. ఏం ఫికర్ చెయ్యకు."

బుల్లిబాబు ఒళ్లు దాచుకునే రకం కాదు. నాలుగింటికి మేనేజర్ గది ముందు కుప్పకూలి, "పోయానండి బాబోయ్!" అని పెట్టిన కేకకు పక్క టీమ్ వాళ్లు కూడా హెడ్‌ఫోన్లు తీసేశారు. ఆ గందరగోళంలో కిరణ్ పాల్ బ్యాగు తీసుకుని సర్వీస్ లిఫ్ట్ దగ్గరికి చేరాడు.

లిఫ్ట్ వచ్చింది. వెనకనుంచి రామ్మోహనరావు కూడా వచ్చాడు, బుల్లిబాబును భుజాన వేసుకుని! కిరణ్ పాల్ బ్యాగు వెనక్కి దాచాడు.

"సమయానికి కనబడ్డావయ్యా కిరణ్! మెయిన్ లిఫ్ట్ దగ్గర జనం. వీణ్ణి హాస్పిటల్‌కి నేనే తీసుకెళ్తున్నా. రిలీజ్ నీ చేతుల్లో పెడుతున్నా, కదలకు. ఆ బ్యాగేంటి?"

"బుల్లిబాబు బట్టలు సర్... దవాఖానల పనికొస్తయని..." ఇస్తున్నట్టు చెయ్యి చాపాడు. మైదానంలో అయితే అలా చాపి వెనక్కి లాక్కోవడంలో అతన్ని మించినవాడు లేడు. ఇక్కడ రామ్మోహనరావు టక్కున అందుకున్నాడు. తలుపులు మూసుకున్నాయి.

కారు హాస్పిటల్ దాటేసింది. బుల్లిబాబు వెనక్కి తిరిగి చూశాడు.

"సర్, హాస్పిటల్ వెనకుండిపోయిందండి!"

"కడుపునొప్పికి, కారెక్కేటప్పుడు కాలు కుంటావేంటయ్యా?" రామ్మోహనరావు సిగ్నల్ దగ్గర చొక్కా విప్పాడు. లోపల రిఫరీ బనియను, మెడలో విజిల్. "ఫైనల్‌కి రిఫరీని నేనే. డైరెక్టర్ గారు కదలనివ్వట్లేదు. ఎవరికైనా ఏ జబ్బైనా రాకపోతుందా అని పొద్దున్నుంచి చూస్తున్నా. నువ్వూ ఆ జట్టేగా? దిగి ఆడు."

బ్యాగులో ఉన్నది కెప్టెన్ చొక్కా. వేరే దారిలేక బుల్లిబాబు అదే తొడుక్కున్నాడు.

చివరి నిమిషంలో రెండు జట్లూ సమానం. బుల్లిబాబు అలవాటుగా చేతులు చాపి అరుస్తూ పరుగెత్తాడు. వీడికి బంతి ఇవ్వరని టోర్నమెంట్ మొత్తానికీ తెలుసు కాబట్టి ఎదుటివాళ్లు ఒక్కరూ అతని వెంట పడలేదు. తనను చుట్టుముట్టేసరికి దిక్కుతోచక బంతి ఉన్నవాడు నిజంగానే దాన్ని అతనికి విసిరేశాడు. బుల్లిబాబు అదే కేకతో, ఈసారి భయంతో, గీత దాటి పడ్డాడు. కప్పు వాళ్లదే.

ఆఫీసులో ఒంటరిగా రిలీజ్ చేస్తున్న కిరణ్ పాల్‌కు ఫోన్ మోగింది.

"బిడ్డా, దూరంకెల్లి మొకం కనబడలేదు గని చొక్కా మీద నీ పేరు సదివిన. ఏం ఉరికినవ్‌రా! నాకు ఏడుపాగలే," అంది సుగుణ. "గని, మీ ఆఫీసోళ్లు ఫొటోలు తీయంగనే కడుపు పట్టుకొని కుంటినవేంది? నేనిప్పుడే మైదానంల నీ కాడికొస్తున్న, జర చూపియ్యి."

కిరణ్ పాల్‌కు అప్పుడు నిజంగానే కడుపులో నొప్పి మొదలైంది.