ఉమ్మే ఉద్యోగం

నోట్లో పడ్డ మంచి వస్తువుని మింగేవాడు అనాగరికుడండీ! ఉమ్మేవాడే పెద్దమనిషి. నవ్వకండి. తెనాలి హోటల్లో పదకొండేళ్లు ప్లేట్లు మోసినవాణ్ని చెబుతున్నాను.

తొంభై రెండులో మా ఓనరు బసవేశ్వరరావు గారు ఏసీ హాలు కట్టించారు. దానికో కెప్టెన్ కావాలి. కెప్టెనంటే మెడలో టై ఉంటుంది, భుజం మీద బల్లలు తుడిచే గుడ్డ ఉండదు! పోటీలో ఇద్దరమే: నేనూ, బాపట్ల వెంకటరత్నమూ. పరీక్ష పెట్టడానికి బొంబాయి నుంచి ఓ సార్ ఆరు ఇటలీ వైన్ సీసాలతో దిగాడు.

గ్లాసు తిప్పాలి, వాసన చూడాలి, పుక్కిలించాలి, పక్కనున్న బకెట్లో ఉమ్మాలి. రుచేంటో చెప్పాలి. అంతే!

మొదటిది బాపట్ల ఇసుకలో రాలిన జీడిమామిడి పండన్నాను. రెండోది వానలో తడిసిన రేపల్లె ప్యాసింజర్ కిటికీ చువ్వ. సార్ రాసుకున్నాడు! మూడోదానికి, ఆ ద్రాక్షతోట ఆసామికి ఇద్దరు పెళ్లాలనీ, చిన్నావిడ అలిగి ఉందనీ కూడా చెప్పేశాను. కాదనడానికి అక్కడ ఇటలీవాళ్లెవరున్నారు?

చిక్కల్లా ఒక్కటే. వెంకటరత్నం కుళాయి తిప్పినట్టు ఉమ్మేస్తున్నాడు. నేను మింగేస్తున్నాను.

"ఏంట్రా ఏసుబాబూ, ఉమ్మమంటే మింగుతావేంటి?" అని ఓనరు గారు గదిమారు.

"మా రేపల్లె చర్చి గుళ్లో ప్రభు భోజనమప్పుడు ద్రాక్షారసం మోకాళ్ల మీదుండి పుచ్చుకుంటామండి. చుక్క కింద పడితేనే మా అమ్మ సామ్రాజ్యం ఊరుకోదు. ఇంక ఉమ్మడమేంటండీ!"

"ఇది గుడి కాదురా, హోటలు!"

"నోరు అదేనండి!"

"నీ ముక్కు సార్‌కి నచ్చింది. ఈ ఆఖరిదొక్కటి ఉమ్మి చావు. టై నీకే."

మనసులో అమ్మకి వందనాలు చెప్పుకుని, ఉమ్మేశాను.

అప్పట్నుంచీ ఉమ్మడమంటే నాకెంత గురి కుదిరిందంటే నమ్మరు! కడుపుకి బరువు లేదు, తలకి తిమ్మిరి లేదు, ఇంట్లో తిట్లు లేవు. పెళ్లిభోజనాల్లో విస్తరికో బకెట్టు పెడితే అజీర్తి అన్నమాట ఉంటుందా? తెనాలి డాక్టర్లంతా పెట్టెలు సర్దుకుని రైలెక్కరూ?

టై నా మెడకెక్కిన మూడో రోజు మధ్యాహ్నం గిరాకీ తగ్గాక మాకు భోజనాలు పెట్టారు. ఎప్పట్లాగే నిన్నటి సాంబారు. నేను టై సర్దుకుని, ఏసీ హాల్లోంచి బకెట్టు తెచ్చుకుని, సాంబారు గ్లాసులో పోసి తిప్పాను. వాసన చూశాను. పుక్కిలించాను. ఉమ్మాను. అంతా బొంబాయి పద్ధతే!

"తిండి ఉమ్ముతావా? కళ్లు నెత్తికెక్కాయా? మింగరా!" అని ఓనరు గారు ఒక్క అరుపు అరిచారు.

సాయంత్రానికి టై వెంకటరత్నం మెడలో ఉంది.

నాకేం బాధ లేదండి. విద్య విద్యే. ఆ బకెట్టు ఇప్పటికీ ఏసీ హాల్లో తళతళలాడుతూనే ఉంది. మా సాంబారు దరిదాపులకి మాత్రం దాన్ని రానివ్వడం లేదు!