తెలుపు చాలని కుక్కపిల్ల

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న గొర్రెల సంఘం ఉండేది. చిన్నదని నేనన్నట్టు ఎవరికీ చెప్పకండి, అధ్యక్షుడు కొమ్ములయ్యకి కోపమొస్తుంది. పొట్టేలు కోపం సంగతి మీకు తెలీదు.

ఆ మందకి తాతల నాటి నుంచీ బొచ్చుకుక్కలు కాపలా. చాలావరకు తెల్లవే. మసక వెలుతురులో తోడేలేదో, మన కుక్కేదో గొర్రెకి తెలియాలి కదా, అందుకని. ఆ సంగతి తర్వాతివాళ్ళు మర్చిపోయారు, తెలుపు ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు.

కొమ్ములయ్య ఆ తెలుపుని నెత్తికెత్తుకున్నాడు. కుక్కల్ని పరీక్ష చెయ్యడానికి చెరువు నుంచి కొంగగారిని పిలిపించాడు. కొంగకి కుక్కల గురించి ఓనమాలు తెలీవు. తెల్లగా ఉంటుంది, అంతే అర్హత.

"ఒంటి మీద మచ్చ ఉండకూడదు," అంది కొంగ. మచ్చలున్న కుక్కలకి పెళ్ళిళ్ళు ఆపేశారు. మరుసటేడు వచ్చి, "ముక్కులు నల్లగా ఉన్నాయేమిటండీ, ఛీ!" అంది. నల్లముక్కులకీ పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. ఆ తర్వాత కనురెప్పల వంతు. ప్రతిసారీ ఉన్నవాటిలో తెల్లదాన్ని ఏరి, అంతకన్నా తెల్లదానికిచ్చి చేశారు.

అలా పుట్టాడు ధవళుడు. గులాబి ముక్కు, నీలి కళ్ళు, మీగడలాంటి బొచ్చు. పక్కన పిడుగు పడినా తల తిప్పేవాడు కాదు.

"ఏం నిబ్బరమండీ!" అని కొమ్ములయ్య మురిసిపోయాడు.

"నిబ్బరం కాదయ్యా, చెవుడు," అంది వాడి తల్లి సింగారి. "వినపడాలంటే చెవి లోపల కూడా కాస్త రంగుండాలని మా అమ్మ చెప్పేది. అక్కడిదాకా కడిగేశారు మీరు. నా బిడ్డకి నా పిలుపే వినపడదు."

"తల్లివై ఉండి దిష్టి పెడతావా!" అని కసిరింది కొంగ.

మరుసటి ఈతలో సింగారికి చుక్కడు పుట్టాడు. ఒళ్ళంతా తెలుపే, రెండు చెవులు మాత్రం బొగ్గు నలుపు.

"తల్లీ తండ్రీ తెలుపైతే వీడెక్కడి నుంచి ఊడిపడ్డాడు?" అంది కొంగ, అందరికీ వినపడేలా.

"మా తాతవి నల్ల చెవులండీ," అంది సింగారి. " పైకి కనపడకపోతే లోపల లేనట్టా? ఎప్పుడో ఎవరికో బయటపడుతుంది."

"సమర్థించుకోవడానికి సిగ్గుండాలి!" అన్నాడు కొమ్ములయ్య. పాలు మరవగానే చుక్కడిని ముళ్ళకంచె అవతలికి తోలేశారు. వాడు మొరిగితే ఎవరూ వినకూడదని తీర్మానం కూడా చేశారు. సింగారి కంచెకి ఆనుకుని పడుకోవడం మొదలుపెట్టింది. దాని కడుపుకోత ఎవరికి పట్టింది!

ఇంతలో ముసలి కుక్కలన్నీ పోయి, కాపలాకి సింగారి, ధవళుడే మిగిలారు. ధవళుడికి సన్మానం పెట్టారు. ముక్కు మునిగేదాకా పూలదండలు వేశారు. కొంగ ఉపన్యాసం మంచి జోరు మీదుండగా కంచె అవతల చుక్కడు గోలగోలగా మొరిగాడు.

"తోడేలేమో, కాస్త చూడండయ్యా," అంది పోలి అనే గొర్రె, పిల్లని దగ్గరికి లాక్కుంటూ.

"తీర్మానం గుర్తులేదా? నోర్మూసుకుని కూర్చో!" అన్నాడు కొమ్ములయ్య.

తోడేలు తాపీగా వచ్చింది. ధవళుడి వెనకనుంచే నడిచి, పోలి పిల్లని మెడ పట్టి లాగింది. కొంగ మాట మధ్యలోనే వదిలేసి చెట్టెక్కింది. సింగారి పరుగెత్తింది. చుక్కడు ముళ్ళలోంచి దూరి, ఒళ్ళంతా గీసుకుపోయి, తోడేలు గొంతు అందుకున్నాడు. తల్లీకొడుకుల దెబ్బకి తోడేలు పిల్లని వదిలి పారిపోయింది.

"ఇప్పుడైనా వీణ్ణి లోపల ఉండనివ్వండి. నా బిడ్డని బతికించాడు," అని పోలి ఏడ్చింది.

సంఘం అక్కడికక్కడే సమావేశమైంది. కొంగ చెట్టు దిగొచ్చి గొర్రెపిల్లని పరీక్షగా చూసింది. "దీనికి నల్ల వెంట్రుకలు అంటుకున్నాయి. ముందు కడిగించండి," అంది. చుక్కడి మీద కంచె దాటిన నేరం మోపారు. ధవళుడికి, తోడేలొచ్చినా చలించనందుకు, మరో దండ వేశారు.

సింగారి మందని వదిలి వెళ్ళిపోవడానికి లేచింది. ధవళుడిని మూతితో పొడిచి లేపింది. వాడు తల్లి తోక చూసుకుంటూ వెంట నడిచాడు. పక్కనే చుక్కడు. వాళ్ళ వెనక పోలి, పిల్లతో సహా.

"పోతే పోనీ, పీడ వదిలింది!" అన్నాడు కొమ్ములయ్య. కాపలా పని ఖాళీ అయింది గనక, మిగిలినవాళ్ళలో అందరికన్నా తెల్లనిదెవరా అని చూసి, కొంగనే కాపలాగా పెట్టుకున్నారు.

నీతి: మందని కాపాడటానికి చెవులుంటే చాలు, మంద పరువు కాపాడటానికి మాత్రం రెక్కలుండాలి.