రాయమల్లు బొగ్గు మొహం

లింగమూర్తి ఆ రోజు పొద్దున వేసుకున్న పథకంలో ఎంత వెతికినా తప్పు కనిపించదు. చౌరస్తాలో తాబిష్ ఫోటో దుకాణానికి వెళ్లి రెండు కెమెరాలు తెచ్చుకోవాలి. భోజనం వేళకు వాటిలో ఏది కొనాలో తేల్చుకోవాలి. మొదటి షిఫ్టు వాళ్లు బొగ్గు బాయి నుంచి పైకి వచ్చేసరికి, తేల్చుకున్న కెమెరాతో పక్కింటి రాయమల్లు ఫోటో ఒక్కటి తీయాలి. అంతే. ఇందుకోసం సెలవు కూడా పెట్టాడు.

లింగమూర్తి బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో ఫిట్టరు. తీరిక దొరికితే గోదావరి ఒడ్డున కొంగలనూ, జాతరలో జనాన్నీ ఫోటోలు తీస్తుంటాడు. పాత కెమెరా ముసలిదైపోయింది. జూమ్ తిప్పితే మధ్యలో ఆగి దగ్గుతుంది. కొత్తది కొనాలని ఉగాది నుంచి అనుకుంటున్నాడు. ఏది కొనాలన్న దగ్గరే బండి ఆగింది. ఒకటి లోపల అద్దముండే పెద్ద కెమెరా. ఇటుకంత బరువు, కానీ బ్యాటరీ రోజంతా నిలుస్తుంది, దానికి సరిపడే పాత లెన్సులు చవకగా దొరుకుతాయి. రెండోది అద్దం లేని కొత్తరకం చిన్న కెమెరా. మసక వెలుతురులోనూ బాగా తీస్తుంది, ఎదుటి మనిషి కన్ను ఎక్కడుందో తానే వెతుక్కుంటుంది. రోజూ డ్యూటీ దిగాక ఫోన్‌లో వీడియోలు చూసి, అన్నం ముందు పెద్దదే మేలని, అన్నం తర్వాత చిన్నదే మేలని తీర్మానించేవాడు.

"నన్ను చూసుకోను అచ్చిన్నాడు గూడ గింత సేపు చూడకపోతివి," అని భార్య శోభ అనేది.

ఈ సందిగ్ధం ఇంకో ఏడాది నడిచినా ఎవరికీ నష్టం లేకపోయేది. కానీ పక్క క్వార్టర్‌లో ఉండే లస్మవ్వ ఒక కోరిక కోరింది.

లస్మవ్వ భర్త రాయమల్లు బాయి లోపల బొగ్గు పని చేస్తాడు. దేవుడున్న ఇంటి గడప మసితో దాటకూడదని ఆయన నియమం. షిఫ్టు దిగగానే బాయి దగ్గరి స్నానాల గదిలో ఒళ్లు రుద్దుకుని, బొట్టు పెట్టుకుని గానీ ఇంటికి రాడు. లోపలికి సెల్‌ఫోనూ అగ్గిపెట్టే తీసుకుపోనివ్వరు కాబట్టి అక్కడ ఫోటో అన్న మాటే లేదు. ఆయన రిటైరయ్యే రోజు దగ్గరపడ్డాక లస్మవ్వ గోడ మీది నుంచి లింగమూర్తిని పిలిచింది.

"మర్దీ, పొద్దుగాల తెల్లగ పంపిన, మాపటికి తెల్లగనే చూసిన. నడుమ ఆయిన ఎట్లుంటడో నాకు తెల్వది. బొగ్గు మొకంతోని ఒక్కసారన్న చూడకపోతి. మళ్ల దిగమన్నా దిగడు గద. ఒక్క ఫోటో తియ్యి."

"దాందేముంది వదినా! కొత్త కెమెరాతోని తీస్త," అని లింగమూర్తి మాటిచ్చాడు. పాతదానితో తీస్తానని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

రాయమల్లు ఆఖరి షిఫ్టు రోజు పొద్దున తాబిష్ రెండు కెమెరాలూ బల్ల మీద పెట్టాడు. "పిట్టలకైతె పెద్దది, మనుషులకైతె చిన్నది. ఇయ్యాల రెండూ తీస్కపో అన్నా. అందరు రెండు చూసి ఒకటి కొంటరు. నువ్వు చూసుడే పనిగ పెట్టుకున్నవ్," అన్నాడు.

ఇంటికి వచ్చి లింగమూర్తి పెరటిలోని మందారాన్ని రెండింటితోనూ తీశాడు. ఒకదానిలో ఎరుపు ఎక్కువగా వచ్చింది. ఏది అసలు ఎరుపని శోభను అడిగాడు.

"పువ్వు ఎదురుంగనే ఉండె. దాన్ని చూడరాదు?" అందామె.

అతను స్నానానికి వెళ్లాడు. కొత్త వస్తువు ఏదైనా దేవుడి ముందు పెట్టకుండా వాడడం ఆ ఇంట లేదు. కొన్నది కాదని, అడిగి తెచ్చినవని చెప్పినా శోభ ఒప్పుకోలేదు. పరాయి సొమ్ముకైతే దేవుడి కాపలా ఇంకా ఎక్కువ అవసరమంది. రెండింటినీ రాజన్న దేవుడి పటం ముందు పీట మీద పెట్టి, కుంకుమను నూనెతో తడిపి బొట్లు పెట్టింది. చిన్న కెమెరాకు మూత ఉంది కాబట్టి బొట్టు మూత మీద పడింది. పెద్దదానికి లింగమూర్తి మూత తీసి ఉంచాడు. గుండ్రటి అద్దం మధ్యలో బొట్టు చక్కగా కుదిరింది.

"గిదేం పనే!" అని లింగమూర్తి తల తుడుచుకుంటున్న తువ్వాలతోనే అద్దాన్ని తుడిచాడు.

"బస్సు అద్దానికి పెట్టరా? బస్సు నడుస్తలేదా?" అంది శోభ. దేవుడి మీద భక్తికీ అద్దం మీద నూనెకూ మధ్య హద్దు ఎక్కడుందో అతనికి తెలియలేదు. గొడవ పెట్టుకోలేదు.

అదే సమయానికి నాలుగో క్వార్టర్ మల్లక్క పెరుగుతోడుకు వచ్చింది. పీట మీద కెమెరాలు చూసింది.

"రెండెందుకే శోభా?"

"రాయమల్లు బావ ఫోటోకట అక్కా. ఒకటి సాలదట," అంది శోభ. ఆమెకు తెలిసినంతలో అది నిజమే.

మల్లక్క తోడు తీసుకోకుండానే వెళ్లిపోయింది. క్వార్టర్ల వరుస ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లేలోపల రెండు కెమెరాల్లో ఒకటి పేపరువాళ్లది అయింది. ఆ కొస నుంచి తిరిగి వచ్చేసరికి పెద్ద సార్లు కూడా ఫోటోలో నిలబడుతున్నారు.

"లస్మక్కా, నీ మొగడు పేపర్ల పడుతడట. మసి మొకంతోనే పడనిస్తవా? రేపు సుట్టాలు చూస్తె ఏమంటరు?" అంది మల్లక్క.

లస్మవ్వ చాలాసేపు ఆలోచించింది. తనకు కావలసింది మసి మొహమే. లోకానికి చూపవలసింది అది కాదు. చివరికి ఆమెకు ఒక సమాధానం తోచింది. కెమెరాలు రెండు ఉన్నాయంటే ఒకటి నల్లగా ఉన్నప్పటికి, ఒకటి తెల్లగా అయినప్పటికి. మరిది ఎంత ముందుచూపున్నవాడు! ఆమె సంచిలో కొత్త తెల్ల చొక్కా, పంచె, సబ్బు, పౌడరు డబ్బా పెట్టుకుని షేర్ ఆటో ఎక్కింది.

బాయి దగ్గర రఘుపతికి ఈ వార్త ఇంకా పెరిగి చేరింది. రిటైరయ్యే వారికి దండలు వేయించి, డప్పులతో ఇంటి దాకా తోలుకుపోయే ఏర్పాట్లన్నీ అతనే చూస్తాడు. ఎప్పుడూ రెండు డప్పులు మాట్లాడేవాడు ఈసారి పక్క ఊరి నుంచి కూడా పిలిపించాడు. లింగమూర్తి రెండు కెమెరాలు మెడకు తగిలించుకుని రాగానే ఎదురెళ్లాడు.

"లింగన్నా, పేపరోళ్లు ఏరి?"

"ఏ పేపరోళ్లు?"

"గట్లనే ఉండాలె. బయటికి చెప్పద్దు," అని రఘుపతి కన్నుగీటి, మీసం దువ్వుకుని, "ముందుగాల నాది ఒకటి కొట్టు. రెండిట్లా కొట్టు, ఏది మంచిగస్తె గది," అన్నాడు.

మేనేజరు అనుమతి, టోపీ దీపాలు జమచేసే దీపాల గది బయటి వరకే. లింగమూర్తి అక్కడ నిలబడి వెలుతురు చూసుకున్నాడు. ఇంకా తేల్చుకోలేదన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. బాయి మీది పెద్ద చక్రాన్ని దీనితో ఒకసారి, దానితో ఒకసారి తీశాడు. చిన్నదానిలో నీడలు బాగున్నాయి. పెద్దదానిలో... ఏదో పల్చటి ఎర్ర పొర కనిపించింది. పొద్దు తిరిగిందేమో అనుకున్నాడు.

సైరన్ మోగింది. డప్పులు ఒక్కసారిగా అందుకున్నాయి. బాయి నోటి నుంచి మనుషులు గుంపుగా వచ్చారు. అందరికీ ఒకే టోపీ, ఒకే బూట్లు, ఒకే రంగు. చిన్న కెమెరా కన్నుల కోసం వెతకడం మొదలుపెట్టింది. మసి మధ్య తెల్లటి కళ్లు ఎటు చూసినా ఉన్నాయి. తెర మీది చిన్న పెట్టె ఒకరి కంటి నుంచి ఇంకొకరి కంటికి మిడతలా దూకుతోంది. లింగమూర్తి వేలు బటన్ మీదే పెట్టి ఉంచాడు. చివరికి పెట్టె ఒక చోట నిలిచింది. టక్కున నొక్కాడు. చూస్తే అది లస్మవ్వ మొహం. సంచి పట్టుకుని ఎవరో కార్మికుడితో మాట్లాడుతోంది.

"ఆగమాగంల వదిన అడ్డమచ్చింది," అని విసుక్కుని దాన్ని వదిలేసి పెద్దదాన్ని ఎత్తాడు. లోకమంతా కుంకుమ మబ్బులో ఉంది. అప్పుడు అర్థమైంది. తల వంచి, చొక్కా అంచుతో అద్దాన్ని తుడుస్తూ నిలబడ్డాడు. నూనె ఇంకా పరుచుకుంది.

తల ఎత్తేసరికి గుంపు పలచబడింది.

"రాయమల్లన్న ఇంక రాలేదా?" అని రఘుపతిని అడిగాడు.

"ఏమో, నేను గూడ చూస్తలేనా?"

ఇంతలో స్నానాల గది తలుపు తెరుచుకుని రాయమల్లు బయటికి వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, నుదుట బొట్టు, మొహం నిండా పౌడరు. పెళ్లి పందిట్లోకి వచ్చినట్టు వచ్చాడు. రఘుపతి దండ వేశాడు. డప్పులు రెట్టింపయ్యాయి. లింగమూర్తి చేతులు కిందికి వాలిపోయాయి.

లస్మవ్వ సంతోషంగా ముందుకొచ్చింది. "మర్దీ, నల్లగున్నది తీసినవ్ గద? ఇగ తెల్లగున్నది తియ్యి."

"ఎక్కడ వదినా? అన్న బయిటికచ్చుడే నేను చూడలె."

ఆమె భర్త వైపు తిరిగింది. "సంచి అందిందా? గా అన్న ఎవలో గని మంచోడు. ఇయ్యాల రిటైరయ్యెటాయినను జర పిలుస్తరా అన్న, గీ సంచి ఇయ్యున్రి అన్న అంటె, తల ఊపి తీస్కపోయిండు."

భర్త పేరు పలకడం ఆమెకు అలవాటు లేదు. అందుకే పేరు చెప్పలేదు.

రాయమల్లు దండ సర్దుకున్నాడు.

"ఆ అన్న నేనేనే," అన్నాడు.

డప్పులవాళ్లు కూడా ఆపేశారు. తర్వాత నవ్వు మొదలైంది. రఘుపతి గోడకు ఆనుకుని నవ్వాడు, దీపాల గదిలోని గుమాస్తా కిటికీలోంచి తల బయట పెట్టి నవ్వాడు. లస్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తానూ నవ్వింది. కానీ ఆమె నవ్వే అందరికంటే ముందు ఆగిపోయింది.

"మరి నేనే అని చెప్పద్దా?"

"డప్పులల్ల నీకు ఇనవడ్తదా? గంత మర్యాదగ అడిగితివి. కాదని ఎట్లంట?"

లింగమూర్తి ఆ మాటలు విని మెడలోని కెమెరాలు చూసుకున్నాడు. ఆ మొహాన్ని ఇంటికి తెచ్చి చూపమని ఆమె తనను అడిగింది. ఆ మొహమే ఎదురుగా వచ్చి ఆమె ముందు నిలబడినప్పుడు, తను పది అడుగుల దూరంలో తల వంచి గాజు తుడుచుకుంటున్నాడు. ఉగాది నుంచి ఇన్ని నెలలూ ఏ కెమెరా అన్నదే చూసుకున్నాడు కానీ, ఆ సమయానికి కళ్లు ఎక్కడుండాలో చూసుకోలేదు.

"అరె, గోదావరిఖనిల బొగ్గుకు కరువా?" అని రఘుపతి ఒక గుప్పెడు తెచ్చాడు. "అన్నా, మొకం పట్టు."

రాయమల్లు బుద్ధిగా మొహం పట్టాడు. పౌడరు మీద బొగ్గు పడి బూడిద రంగు తేలింది. సగం తోమి వదిలేసిన గిన్నెలా ఉన్నాడు. టోపీ పెట్టారు. దానికి బిగించే దీపం మాత్రం లేదు.

"బత్తి ఏదన్నా?" అని అడిగాడు లింగమూర్తి.

"జమ చేసిన. ఇగ అది నాది కాదు," అన్నాడు రాయమల్లు.

లస్మవ్వ దగ్గరికెళ్లి కొంగుతో ఆయన మొహం తుడిచింది. "వద్దు తియ్యున్రి. పూసుకున్నోన్ని నేనడుగలె. చూసుడైతె చూసిన. మాట గూడ మాట్లాడిన. మొగడని తెల్వలె, గంతే."

ఆ తర్వాత డప్పులు కొట్టుకుంటూ అందరూ ఇంటికి వెళ్లారు. పేపరువాళ్లు రాకపోవడానికి లింగమూర్తే కారణమని మధ్యలో కలిసిన మల్లక్క దారి పొడవునా అంటూనే ఉంది.

సాయంత్రం తాబిష్ ముందు రెండు కెమెరాలూ పెట్టి, ఏదీ వద్దన్నాడు లింగమూర్తి. తాబిష్ చిన్నదానిలోని ఫోటోలు ఒక్కొక్కటే చూశాడు. మందారం, రఘుపతి మీసం, చక్రం. ఒకచోట ఆగాడు.

"అన్నా, గిది నువ్వు తీసిందేనా?"

ఫోటోలో లస్మవ్వ ఉంది. రెండు చేతులతో సంచి అందిస్తూ, తల కొంచెం వంచి, పరాయి మగవాడితో మాట్లాడేటప్పటి మన్నన కళ్లలో నింపుకుని చూస్తోంది. ఆమె రెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. ఎదురుగా ఉన్న మనిషి వీపు, టోపీ, ఒక నల్లటి చెవి మాత్రమే కనిపిస్తున్నాయి.

దాన్ని పెద్దదిగా తీయించి, తప్పు చేసినవాడిలా పట్టుకెళ్లి ఇచ్చాడు లింగమూర్తి. లస్మవ్వ వెలుతురులో పెట్టి చూసింది.

"ఆయిన మొకం కనవడ్తలేదు గద మర్దీ."

"లేదు వదినా. నాదే తప్పు."

ఆమె ఆ నల్లటి చెవి మీద వేలు పెట్టి కొంచెం సేపు ఉంచి, ఫోటోను భర్త చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది. బొగ్గు మొహం ఇక లేదు. అది ఎలా ఉంటుందో ఆమెకు చెప్పగలవాళ్లు బాయి నిండా ఉన్నారు, చూపగలవాళ్లు ఎవరూ లేరు. అప్పుడు నొక్కకముందు "వదినా, ఆయినే" అని ఒక్క కేక వేసి ఉంటే చాలుననిపించింది లింగమూర్తికి. కానీ ఆయనే అని తనకు మాత్రం తెలుసా?

రాయమల్లు ఆ ఫోటోకు చట్రం కట్టించి, దేవుడి గదిలో కాదు, వచ్చేపోయేవాళ్లకు కనబడేలా ముందు గదిలో పెట్టుకున్నాడు. ఎవరొచ్చినా కుర్చీలోంచి లేచి మరీ చూపిస్తాడు.

"చూసిన్రా, ఎంత మర్యాదగ చూస్తున్నదో! పెండ్లయినప్పటి సంది నా దిక్కు ఒక్కనాడన్న గట్ల చూడలె. నేనని తెల్వక చూసింది."

లోపలి నుంచి గిన్నె గట్టిగా కింద పెట్టిన చప్పుడు వస్తుంది. చూసినవాళ్లందరూ ఫోటో బాగుందంటారు. ఏ కెమెరాతో తీశావని లింగమూర్తిని ఇప్పటివరకు ఒక్కరూ అడగలేదు.