ఇరవై మూడు బొటనవేళ్ళు

మధ్యాహ్న భోజనం లోపు దొంగను పట్టేయాలని ఇన్‌స్పెక్టర్ రాజారత్నం పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. అది 1986 వేసవి. బంగారుపాళ్యం మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో ఎవరో కిటికీ పగలగొట్టి రేడియో ఎత్తుకుపోయారు. అద్దం ముక్క మీద రెండు వేలిముద్రలు దొరికాయి. పాత నేరస్థుల ముద్రలకు గీతల వరసను బట్టి సంఖ్యలిచ్చి, చిత్తూరుకు కొత్తగా వచ్చిన కంప్యూటరులో అప్పటికే ఎక్కించారు.

మొదటి ముద్ర సంఖ్య కొట్టగానే యంత్రం గరగరమంటూ ఇరవై మూడు పేర్లు అచ్చేసింది.

"పెద్ద ముఠా అబ్బా!" అని రాజారత్నం జీపులు పంపాడు.

మధ్యాహ్నానికి ఇరవై మూడు మంది స్టేషను వరండాలో కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు.

"ఎంత తెలివో సూడు! ఒకరినొకరు ఎరగనట్టే ఉండారు," అని రాజారత్నం మెచ్చుకున్నాడు.

వారిలో నగరి మగ్గాల ధనంజయ ఒకడు. ఎప్పుడో పొరపాటున పట్టుకుని వదిలేశారు, వేలిముద్రల కార్డు మాత్రం మిగిలిపోయింది. అతని తల్లి దేవకమ్మ అన్నం మూటతో బస్సు దిగింది.

"సార్, నా కొడుకు రేపు పొద్దున మిల్లులో సేరకపోతే ఆ పని ఇంకొకరికిస్తారు. మా పొయ్యి ఎలగదు."

"ముద్ర అబద్ధం సెప్పదమ్మా," అని రాజారత్నం కార్డులన్నీ బల్ల మీద పరిచాడు.

దేవకమ్మ పోయినేడే రాత్రిబడిలో అక్షరాలు నేర్చింది. అంతకుముందు యాభై ఏళ్ళూ వేలిముద్రే. ఆమె కార్డుల మీదికి వంగింది.

"అన్నిట్లోనూ అడ్డంగా ఒకటే గాటు ఉండాది సార్. అందరూ ఒకే కత్తితో కోసుకున్నారా?"

హెడ్ కానిస్టేబుల్ మునిరామయ్య గబుక్కున చేయి వెనక్కి దాచుకున్నాడు. ఆ చేతిలో టీ గ్లాసు ఉంది.

"సార్... ముద్ర అలికిపోతే ఆఫీసోళ్ళు కార్డు తిప్పి పంపేవాళ్ళు. ఆ మనిషిని మళ్ళీ బస్సెక్కించల్ల. పాపమని నా బొటనవేలే నొక్కేసినాను."

"మరి అద్దం మీద?"

"ముక్కలు ఏరింది నేనే సార్."

రెండో ముద్ర సంఖ్య కొట్టారు. ఒకే పేరు వచ్చింది. ఆ కార్డు మునిరామయ్య సెలవులో ఉన్న రోజులది. గంటలో దొంగ రేడియోతో సహా దొరికాడు.

దేవకమ్మ కళ్ళు తుడుచుకుంది. "సల్లగుండు నాయనా. ఆ మిషన్ కూడా సల్లగుండల్ల," అని రాజారత్నానికి చేతులు జోడించింది. అన్నం మూట విప్పి మొదటి ముద్ద మునిరామయ్యకే పెట్టింది. "పాపమని సేసినావు, తినప్పా. ఇంకెప్పుడూ సెయ్యొద్దు."

కొడుకును అప్పగించే కాగితం వచ్చింది. అలవాటుకొద్దీ మునిరామయ్య సిరా పెట్టె జరిపాడు. దేవకమ్మ కలం అడిగి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ పేరు రాసింది.

అలికిపోతే ఈసారి తన వేలు పనికిరాదు కనుక, ఆరేదాకా మునిరామయ్య ఆ కాగితం మీద ఊదుతూనే ఉన్నాడు.