పొగ రాని నిప్పు

లక్ష్మీరాజం ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటికీ బీడీల కార్ఖానాకూ మధ్య ఉన్న అర కిలోమీటరు దూరంలో, భార్య కంట పడకుండా ఒక్క సిగరెట్టు తాగాలి. అంతకు మించి ఆయన ఎవరికీ ఏ అపకారమూ తలపెట్టలేదు. మధ్యాహ్నానికల్లా నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే రోడ్డు మూతపడుతుందనీ, దానికి కారణం తానే అవుతాననీ ఆయనకు కలలో కూడా తోచలేదు.

సిగరెట్టుకు అంత దొంగతనం ఎందుకంటే, నాలుగేళ్ల కిందట ప్రమీలమ్మ ఆయనను భీమ్‌గల్ జాతరకు తీసుకుపోయి, లింబాద్రి గుట్ట నరసింహస్వామి ఎదుట ఒట్టు వేయించింది. ఇక జన్మలో పొగ తాగనని. భార్యనైతే ఏమార్చవచ్చు గాని నరసింహస్వామితో పెట్టుకోవడం మంచిది కాదని ఆయన నాలుగేళ్లూ నోరు కట్టుకున్నాడు. రోజూ వేల బీడీలు చేతుల్లో ఆడించే మనిషి ఒక్కటీ నోట్లో పెట్టుకోకుండా ఉండడమంటే, చక్కెర జబ్బు మనిషిని మిఠాయి దుకాణంలో కూర్చోబెట్టడమే.

అలాంటి ఇంటికి, సౌదీలోని దమ్మాములో పనిచేసే బావమరిది వెంకటి సెలవు మీద వస్తూ ఒక ప్యాకెట్టు తెచ్చాడు. అక్కడ వెంకటి ఒక అమెరికా ఇంజనీరు ఇంట్లో వంటా ఊడ్పూ చూస్తాడు. ఆ సిగరెట్లు ఇంజనీరు తన దేశం నుంచి తెచ్చుకున్నవి. చూడడానికి మామూలు సిగరెట్టే గాని, కొసన ఒక నల్లటి బొగ్గు ముక్క, దాని వెనక వెండి కాగితం ఉన్నాయి.

"దీంట్ల తంబాకు కాలది బావా," అని వెంకటి విడమరిచి చెప్పాడు. "ముంగట బొగ్గు అంటుకుంటది. గా వేడి లోపటికి పోతది, గంతే. పొగ రాది, బూడిద రాలది, పొట్టిగ గూడ గాది."

ఇంజనీరు మూడు తాగి, మిగిలిన ఏడూ వెంకటి చేతిలో పెట్టాడట. ఎందుకు పెట్టాడో వెంకటి అడగలేదు. లక్ష్మీరాజమూ అడగలేదు. పొగ రాదన్న ఒక్క మాటే ఆయన తలకెక్కింది. ఒట్టు వేసింది పొగ మీద. పొగే లేనప్పుడు స్వామికి కోపం దేనికి? ఆరు సిగరెట్లను పసుపు డబ్బా వెనక దాచి, ఒకటి జేబులో వేసుకుని, చలికి మఫ్లరు చుట్టుకుని బయల్దేరాడు.

శేఠ్ బాపురావు కార్ఖానాలో లక్ష్మీరాజానిది చాటన్ పని. ఆడవాళ్లు ఇళ్ల దగ్గర చుట్టి గంపల్లో తెచ్చిన బీడీల్లో మంచివి ఉంచి, వదులువీ వంకరవీ విరిచి పారేయాలి. పద్నాలుగేళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ. ఆ పని తప్ప ఆయనకు ఇంకొకటి రాదు. ఆ కార్ఖానాలో ఒకే ఒక్క తప్పుకు క్షమాపణ లేదు, అది నిప్పు. తునికాకూ పొగాకూ కప్పు దాకా పేర్చి ఉంటాయి గనుక, లక్షల బీడీలు తయారయ్యే ఆ చోట ఒక్క బీడీ వెలిగించడానికి వీల్లేదు. కిందటేడు రాజమల్లు జేబులో ఒక్క అగ్గిపుల్ల దొరికితే శేఠ్ ఆ పూటే ఇంటికి పంపించాడు. రాజమల్లు ఇప్పుడు మోర్తాడ్‌లో పసుపు బస్తాలు మోస్తున్నాడు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా లక్ష్మీరాజానికి వీపు నొప్పి పుడుతుంది.

కార్ఖానా పక్క పాన్ డబ్బాకు వేలాడే తాడు నిప్పుతో సిగరెట్టు అంటించాడు. బొగ్గు ఓ పట్టాన అంటుకోలేదు. అంటుకున్నాక రెండు దమ్ములు లాగితే, గొంగడి కాలుతున్న వాసన వేసింది. విదేశీ సరుకు అలవాటయ్యేదాకా అంతేనేమో అనుకున్నాడు. ఇంతలో శేఠ్ స్కూటరు మలుపు తిరిగింది. లక్ష్మీరాజం చెయ్యి పాత అలవాటు కొద్దీ సిగరెట్టును తీసుకుపోయి చెవి మీద పెట్టి, దాని మీదుగా మఫ్లరు లాగింది.

బీడీల ఊళ్లో ఎవరైనా ఇదే చేస్తారు. బీడీ మర్యాద తెలిసిన వస్తువు. కాసేపు పీల్చకపోతే తనంతట తానే ఆరిపోతుంది. చెవి మీద పెట్టుకుని పని చూసుకుని, మళ్లీ అంటించుకోవచ్చు. ఈ బొగ్గుకు ఆ మర్యాద తెలియదు. పీల్చినా పీల్చకపోయినా తన మానాన తాను ఎర్రగా ఉంటుంది. నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలు చెప్పారు గాని, పొగ లేని నిప్పు గురించి ఎవరూ హెచ్చరించలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ భీమన్న ఆయన జేబులు తడిమి, అగ్గిపెట్టె లేదని చూసుకుని లోపలికి వదిలాడు.

ఆ రోజు వరుసలో మొదటి గంప భూమవ్వది. యాభై దాటిన మనిషి. లక్ష్మీరాజం ఒక గుప్పెడు బీడీలు తీసి నొక్కి చూస్తుండగా చెవి చురుక్కుమంది, వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. మఫ్లరు లాగేసరికి సిగరెట్టు జారి గంప నడుమ పడింది. దాని కొస ఎర్రగా ఉంది.

అప్పుడే నాదేనని చెప్పి తీసేసుంటే కథ లేదు. కాని మూడు బారల దూరంలో శేఠ్ నిలబడి ఉన్నాడు. లక్ష్మీరాజం చేతిలో ఉన్న గుప్పెడు బీడీలను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

భూమవ్వ వంగి చూసింది. "గిదేంది బిడ్డా? బీడీ గాదు, సిగరెట్టు గాదు. నిప్పున్నది, పొగ లేదు," అని, ఆకు తడిపే గుడ్డను దాని మీద పిండింది. సుర్రుమని చప్పుడైంది. నల్లటి మొన వెనక వెండి కాగితం తళుక్కుమంది.

ఆమె వెనక నిలబడ్డ ఈరవ్వ మొన్ననే సినిమాకు పోయి వచ్చింది. ఎవరిదో తెలియని వస్తువు కనబడితే ముట్టుకోవద్దని ఆట మొదలయ్యేముందు హాల్లో స్లైడు వేస్తున్న రోజులవి. నెల కిందట నక్సలైట్లు రోడ్డు మీద ఒక కల్వర్టు పేల్చారు కూడా. ఈరవ్వ అరవలేదు. "బాంబు," అని మెల్లగానే అంది.

రెండు నిమిషాల్లో కార్ఖానా ఖాళీ అయింది. అందరికంటే ముందు రోడ్డెక్కినవాడు శేఠ్. లక్ష్మీరాజం కూడా పరుగెత్తాడు, నిలబడితే అనుమానిస్తారని.

వచ్చిన ఎస్సై పేరు బసవయ్య. బోధన్ పక్కన కాలవ కింద భూములు కొనుక్కుని స్థిరపడ్డ గుంటూరు రైతుల బిడ్డ. చిన్నప్పుడు చెరుకు తోటల్లో అడవి పందులకు పెట్టే నాటుబాంబులు చూసి ఉన్నాడు గనుక, బాంబుల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. ప్రహరీ గోడ మీదుగా తల ఎత్తి ఒక్క క్షణం చూసి, దించేశాడు. ఇది పందుల రకం కాదనీ, మందు కొసన పెట్టిన పట్నం రకమనీ తేల్చాడు. తడి తునికాకు బస్తాలు రోడ్డుకు అవతల అడ్డంగా పేర్పించి, జనాన్ని వాటి వెనక్కి తోలించాడు. బస్సులు ఆపించాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ రోజులు కావడంతో చెరుకు లారీలు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయాయి. చెరుకు ఎండిపోతోందని రైతులు, మిల్లు ఆగిపోయేలా ఉందని ఫ్యాక్టరీ వాళ్లు గోల పెట్టారు. వరుసలో ముందున్న డ్రైవరుకు గంపలో ఏదో ఉందని తెలుసు. నడుమ ఉన్నవాళ్లకు కార్ఖానా లేచిపోయిందని తెలిసింది. కబురు చివరి లారీ దగ్గరికి చేరేసరికి నిజామాబాద్ రైల్వే స్టేషనే మిగల్లేదు.

బస్తాల వెనక బసవయ్య విచారణ మొదలుపెట్టాడు. గంప ఎవరిది? భూమవ్వది. కొడుకులున్నారా? ఒక్కడు, రామ్‌దాస్. ఎక్కడున్నాడు? భివండీలో మగ్గాల పనికి పోయాడు. ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయింది? రెండు నెలలు.

"భివండీలోనే ఉన్నాడో, అడవిలో ఉన్నాడో నీకేం తెలుసమ్మా?" అన్నాడు బసవయ్య, ఆమెను జీపు దగ్గరికి తెమ్మని కానిస్టేబులుకు సైగ చేస్తూ.

అప్పటిదాకా ఆమె భుజం మీద చెయ్యేసి నిలబడ్డ ఆడవాళ్లు ఒక్కొక్కరే పక్కకు జరిగారు. భూమవ్వ అందరి ముఖాలూ చూసింది. ఏడవలేదు. "పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చిన. ఎవలన్న పోయి దించుండ్రి," అంది.

ఎవరూ కదల్లేదు. లక్ష్మీరాజానికి మోర్తాడ్ కనబడింది, పసుపు బస్తాలు కనబడ్డాయి. పద్నాలుగేళ్ల కుర్చీ కాళ్ల కింద నుంచి జారిపోతోందని తెలుస్తూనే ఉంది. అయినా కాళ్లు ముందుకు నడిచాయి. "గది నాది సార్," అన్నాడు. "బాంబు గాదు, సిగరెట్టు."

ఆయన ఎంత విడమరిచి చెప్పినా ఎవరూ నమ్మలేదు. పీల్చకపోయినా ఆరనిదీ, కాలినా పొట్టి కానిదీ సిగరెట్టు ఎలా అవుతుంది? శేఠ్ అయితే కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసి, పద్నాలుగేళ్లుగా చూస్తున్నాననీ, ఒట్టు వేసినప్పటి నుంచి లక్ష్మీరాజం బీడీ కూడా ముట్టడనీ, ముసలామె మీద జాలితో నేరం నెత్తినేసుకుంటున్నాడనీ చెప్పాడు. తన గురించి శేఠ్ అంత మంచి మాట చెప్పడం లక్ష్మీరాజం వినడం అదే మొదటిసారి.

సరిగ్గా అప్పుడే ప్రమీలమ్మ రొప్పుతూ వచ్చింది. కార్ఖానాలో దొరికిన బాంబు ఎలా ఉంటుందో గల్లీలో చెప్పుకుంటుంటే విని, పొద్దున పసుపు డబ్బా వెనక ఏదో వెండిలా మెరిసిన సంగతి గుర్తొచ్చి, దాన్ని జరిపి చూసిందట. ఎస్సై ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించింది. "మా ఇంట్ల గసొంటియే ఆరున్నయి సార్. మా తమ్ముడు దమ్మాం నుంచి తెచ్చిండు. గల్లీ మొత్తం ఖాళీ చేపిచ్చిన."

జనం ఈసారి లక్ష్మీరాజం చుట్టూ ఖాళీ చేశారు. పోలీసులు భూమవ్వను వదిలేసి, ఆమెను ఎక్కించబోయిన జీపులో ఈయనకు చోటు చూశారు. బసవయ్య ముఖం పాలిపోయింది. పందుల నుంచి నేరుగా విదేశాలకు పోవలసి వస్తుందని ఆయనా అనుకోలేదు.

"సిగరెట్టంటున్నావు గదయ్యా," అన్నాడు చివరికి. "అయితే తాగి చూపించు."

అగ్గిపెట్టె కోసం వెతికితే, భయంలో ఎవరి చేతికీ ఏదీ తగల్లేదు. శేఠ్ తన వెండి లైటరు తీసి, లక్ష్మీరాజం చేతికి అందించి, వెంటనే నాలుగడుగులు వెనక్కి వేశాడు.

ఖాళీ కార్ఖానాలోకి లక్ష్మీరాజం ఒక్కడే నడిచాడు. నేల మీద ఆడవాళ్ల చెప్పులు చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. గంపలో బీడీల మధ్య అది తెల్లగా, బుద్ధిగా పడుకుని ఉంది. వంగి తీయబోయి ఆగిపోయాడు. వెంకటికి మాత్రం ఏం తెలుసు? ఎవరో ఇచ్చాడు, వీడు తెచ్చాడు. మంచి సరుకైతే ఆ ఇంజనీరు ఎందుకు వదులుకుంటాడు? ఊరంతా బాంబంటోంది, ఎస్సై అంటున్నాడు, కట్టుకున్న భార్య అంటోంది. ఇంతమందిలో సిగరెట్టు అంటున్నవాడు తానొక్కడే. పొద్దున తాను తాగిన రెండు దమ్ముల మీద కూడా ఆయనకు నమ్మకం పోయింది. నరసింహస్వామిని తలుచుకుని, ఇది సిగరెట్టయితే ఒట్టు తప్పినందుకు క్షమించమనీ, బాంబయితే ప్రమీలమ్మను చూసుకోమనీ మొక్కి, గుమ్మం దగ్గర అందరికీ కనబడేలా నిలబడి నోట్లో పెట్టుకున్నాడు.

తడిసిన బొగ్గు అంటుకోలేదు. లైటరు టిక్కుమన్నప్పుడల్లా రోడ్డవతల తలలన్నీ బస్తాల కిందికి పోయి, మళ్లీ పైకి వచ్చేవి. పన్నెండోసారికి కొస ఎర్రబడింది. లక్ష్మీరాజం కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు. ఏమీ పేలలేదు. గొంగడి వాసన మాత్రం వచ్చింది. ఆయన దగ్గాడు. ఆ దగ్గుకు రోడ్డవతల సగం జనం నేల మీద పడుకున్నారు.

చాలాసేపటికి బసవయ్య వచ్చాడు. సాక్ష్యం కోసమని తానూ ఒక దమ్ము లాగి, పక్కకు తిరిగి ఉమ్మి, రోడ్డు తెరిపించమని చెప్పాడు. భూమవ్వతో ఇంటికి పొమ్మన్నాడు. ఆమె కదల్లేదు. గంప వదిలి ఎక్కడికి పోతుంది?

తరువాత శేఠ్ వంతు. లక్ష్మీరాజం ఆయన ఎదుట తల వంచుకుని నిలబడ్డాడు. నిప్పు లోపలికి తెచ్చింది తానేనని ఒప్పుకున్నాడు. రాజమల్లు పక్కన ఇంకో హమాలీకి చోటుంటుందా అని లోపల లెక్క వేసుకుంటున్నాడు. శేఠ్ సిగరెట్టు తీసుకుని, ముందు అనుమానంగా, తరువాత కళ్లు మూసుకుని పీల్చాడు. ఆయన ముఖం రకరకాలుగా మారింది.

"నిప్పు సంగతి నేను మాట్లాడ," అన్నాడు ఊపిరి తిరిగాక. "లైటర్ ఇచ్చింది నేనే. ఇంతమంది ముంగట ఏమంటే ఏం బాగుంటది. కాని లక్ష్మీరాజం, గిసొంటిదాన్ని నోట్ల పెట్టుకొని, పొద్దున రెండు దమ్ములు లాగినంక గూడ పారెయ్యలేదు సూడు, నీకు మంచిచెడ్డ తెల్వదని ఇయ్యాల తెలిసింది. గా కుర్సిల నిన్నెట్ల కూసోబెట్టాలె?"

శేఠ్ చుట్టూ చూశాడు. గంపలో పనికిరానిది పడితే చూసిన మరుక్షణం కనిపెట్టి, నీళ్లు చల్లి ఆర్పిన మనిషి ఆ కార్ఖానా మొత్తంలో ఒక్కతే ఉంది.

లక్ష్మీరాజం ఉద్యోగం పోలేదు. తునికాకూ పొగాకూ ఇంటికి ఇచ్చి పంపారు. ప్రమీలమ్మ దగ్గరుండి చుట్టడం నేర్పింది, స్వామి తరఫున అనవలసినవి కూడా అంటూ. వారం తరువాత ఆయన మొదటి గంప తీసుకుని వరుసలో నిలబడ్డాడు. కుర్చీలో కూర్చున్న భూమవ్వ ఆయనను చూసి, "అన్నం తిన్నవా బిడ్డా?" అని ఎంతో ప్రేమగా అడిగి, ఆయన బీడీల్లో సగానికి సగం విరిచి పారేసింది.