ఉత్తమ గర్భిణిగా నా ఎంపిక

ఫోన్ నంబరు ఎవరిదైతే గర్భం వారిదే. ఇది తల్లీబిడ్డల చక్కెర పర్యవేక్షణ కేంద్రం వారి మూలసూత్రం. ప్రకృతి అభిప్రాయం వేరే ఉంటే ఉండవచ్చు గానీ, ప్రకృతికి లాగిన్ లేదు.

మా ఆవిడకి ఆరో నెలలో షుగరు కనబడింది. డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పారు. ఈ షుగరు తల్లికి కాన్పుతో తగ్గిపోవచ్చుగానీ, ఇప్పుడు అదుపు తప్పితే బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టమవుతుందట. ఆ బిడ్డకి పెద్దయ్యాక ఒళ్లు రావడానికీ, షుగరు రావడానికీ అవకాశం పెరుగుతుందట. తప్పక వస్తుందని కాదు, మనం జాగ్రత్తపడితే చాలావరకు తగ్గించవచ్చు అన్నారు. నేను ఎంతో శ్రద్ధగా తల ఊపాను. తల ఊపడానికి నేను పెట్టింది పేరు.

రిజిస్ట్రేషన్ కిటికీ దగ్గర గుమాస్తా ఫోన్ నంబరు అడిగాడు. మా ఆవిడ నోరు తెరిచేలోగా నాది చెప్పేశాను. గ్యాసుకి, కరెంటు బిల్లుకి, చివరికి ఆవిడ కుట్టుమిషను రిపేరుకి కూడా నా నంబరివ్వడమే మా ఇంటి పద్ధతి. (ఇంటి యజమాని అన్నాక ఏదో ఒక పని చెయ్యాలి కదా.)

మర్నాటి నుంచి కేంద్రం వారి యాప్ నన్ను ఆప్యాయంగా పలకరించసాగింది. అమ్మా, భోజనం చేశాక నడిచారా? ఆఫీసు క్యాంటీన్ దాకా నడిచాను కాబట్టి 'నడిచాను' అని నొక్కాను. షుగరు అదుపులో ఉందా? నాకూ షుగరుంది, రోజూ మాత్ర వేసుకుంటాను, కాబట్టి 'ఉంది'. తల్లీ, ఈ రోజు బిడ్డ కదిలిందా? అప్పుడే రెండో కేకు ముక్క దిగింది. లోపల ఏదో కదిలిన మాట వాస్తవం. అబద్ధమాడటం నా ఒంటికి పడదు గనక 'కదిలింది' అని నొక్కాను.

ఇంటికి ఫోన్ చేసి అడగవచ్చు. కానీ జవాబు నొక్కేదాకా స్క్రీను వదలదు, వెనకాల క్రికెట్ స్కోరు ఆగిపోయి ఉంది.

నెలాఖరుకి కేంద్రం వారు నన్ను 'ఉత్తమ గర్భిణి'గా ప్రకటించి పువ్వు బొమ్మ పంపారు. ఆఫీసులో అందరికీ చూపించాను. నన్ను పక్కనుంచి చూసినవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. పువ్వు కింద చిన్న అక్షరాల్లో, మీ ఆరోగ్యం భేషుగ్గా ఉన్నందున తదుపరి పరీక్ష రద్దు చేయడమైనది అని ఉంది. చిన్న అక్షరాలు చదివే అలవాటు నాకు లేదు.

పరీక్షకి వెళ్లిన మా ఆవిడని కిటికీ దగ్గర్నుంచే తిప్పి పంపేశారు. ఇంటికొచ్చి వాచిన కాళ్లు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది, అంతే.

మర్నాడు మా అమ్మతో సహా ముగ్గురం వెళ్లాం. డాక్టరమ్మ యాప్‌ని పక్కన పెట్టి, వేలు పొడిచి చూశారు. షుగరు బాగా ఎక్కువుంది. బిడ్డ నెలకి మించి పెరిగిందని, ఇన్సులిన్ మొదలుపెట్టాలని, ఇకనుంచి ఒక్క పరీక్ష కూడా తప్పకూడదని చెప్పారు. నాకు భయంతో కడుపులో దేవినట్టయింది. (యాప్ అయితే దీన్ని కూడా కదలికగానే రాసుకునేది.)

బయట బెంచీ మీద అమ్మ నా పక్కన కూర్చుంది.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇంతేరా. తల తిరుగుతోందని నేననేలోగా మీ నాన్న 'బానే ఉంది డాక్టరుగారూ' అనేసేవారు. నువ్వు పుట్టాక వార్డంతా వచ్చి చూసింది, ఎంత బొద్దుగా ఉన్నాడో అని."

ఆ బొద్దుతనమే నేటికీ నా వెంట ఉంది. జేబులోని షుగరు మాత్ర వేసుకున్నాను.

తర్వాత గర్భధారణ వివరాల సవరణాధికారి గదికి వెళ్లాం. ఆయన స్క్రీను చూశారు, నన్ను చూశారు, నా పొట్ట చూశారు.

"రికార్డు ప్రకారం గర్భిణి మీరే సార్. చూడ్డానికి కూడా అభ్యంతరమేమీ కనబడటం లేదు."

నియమం ప్రకారం ప్రసవమైతేనే పేరు తీస్తారట. పైగా ఉత్తమ గర్భిణి మధ్యలో తప్పుకుంటే కేంద్రం ర్యాంకు పడిపోతుందట. బిరుదు స్వచ్ఛందంగా వదులుకుంటున్నానని, పువ్వు బొమ్మ తిరిగి ఇచ్చేస్తానని రాసిచ్చాక మెత్తబడ్డారు. మీ ఆవిడ నంబరు చెప్పండి అన్నారు.

నేను పైకప్పు కేసి చూశాను. మొదటి అంకె తొమ్మిదని గట్టి నమ్మకం. మిగతావి ఫోన్లో ఉంటాయి, ఫోనేమో పువ్వు బొమ్మ చెరపడానికని ఆయన చేతిలో ఉంది. మా ఆవిడ కాసేపు నా మొహం చూసి, తన నంబరు తనే చెప్పుకుంది.

"ఇంకొక్కటి మిగిలిందమ్మా," అన్నారాయన. "బిడ్డకి పెద్దయ్యాక బరువో షుగరో వస్తే, సంజాయిషీ ఎవర్ని అడగాలి? వాళ్ల నంబరు చెప్పండి."

ఈసారి మా ఆవిడ అస్సలు తడుముకోలేదు. నా నంబరు ఆవిడకి కంఠతా వచ్చు.