చిన్నపేగులో మహాభాగ్యం

నా మాట నమ్మండి, చిన్నపేగులో గడ్డ పుట్టడం మహాభాగ్యం! అది కేన్సరు కాని గడ్డయితే ఇక చెప్పేదేముంది?

అజీర్తి ఎవరికి రాదు? మలేరియా మా బందరులో దోమలంత చవక. ఈ గడ్డ మాత్రం వేలమందిలో ఒక్కరికి వస్తే గొప్పట. అలాంటిది మా ఆవిడ కృపావతికి వచ్చింది. నా ఇంటిపేరు నిలబెట్టింది!

పైగా ఆ గడ్డకు ఎంత ఓర్పు! నొప్పి మొదలైంది ఆంధ్రరాష్ట్రంలో, గడ్డ బయటపడింది ఆంధ్రప్రదేశ్‌లో. రాష్ట్రం పేరు మారింది గానీ జబ్బు పేరు తేలలేదు. గుడివాడలో ఒక డాక్టరుగారు నులిపురుగులన్నారు. బందరులో ఇంకొకాయన అల్సరని పాలు పట్టించారు. మా పాస్టరుగారు ప్రార్థన చేశారు. పక్కింటి భ్రమరాంబగారు మోపిదేవి స్వామికి మొక్కుకున్నారు. కృపావతి మాత్రం సుద్దముక్కలా పాలిపోయింది.

ప్రతి డాక్టరు దగ్గరికీ నేనే వెంట వెళ్లాను. “ఎక్కడమ్మా నొప్పి?” అని ఆమెను అడిగితే నేనే జవాబు చెప్పాను. మొగుడుండగా పెళ్లానికెందుకండీ శ్రమ? “ఏం లేదండీ, కాస్త గ్యాసు. తిండి సరిగా తినదు” అనేవాణ్ణి. హైస్కూలు మేష్టర్ని, వర్ణన నాకు కొత్తా?

చివరికి ఒక డాక్టరమ్మ నన్ను మధ్యలోనే ఆపేసింది.

“మేష్టారూ, నొప్పి మీకా, ఆవిడకా? మీరెళ్లి వరండాలో కూర్చోండి.”

ఎంత అవమానం! అరగంట కూర్చున్నాను.

తిన్న గంటకల్లా బొడ్డు చుట్టూ మెలిపెడుతుందనీ, విరేచనం తారులా నల్లగా అవుతుందనీ, ఆ నొప్పికి భయపడే అన్నం మానేశాననీ లోపల కృపావతి చెప్పిందట. నాకిదంతా కొత్త సంగతి! డాక్టరమ్మ బేరియం మందు తాగించి ఎక్స్‌రేలు తీసింది. పొట్ట కోసి, నిమ్మకాయంత గడ్డతోపాటు జానెడు పేగు తీసేసి, కొసలు కలిపి కుట్టింది. ఇంకో ఆరునెలలు నా వర్ణన సాగి ఉంటే, గడ్డలోంచి కారి కారి ఒంట్లో రక్తం లేక మనిషి దక్కేది కాదని చెప్పింది.

నిన్న మా సంఘపెద్ద భూషణంగారు పరామర్శకు వచ్చారు.

“అమ్మాయికెలా ఉందోయ్?”

“బాగానే ఉందండీ” అన్నాను, అలవాటు కొద్దీ.

లోపల్నుంచి కృపావతి గొంతు వినిపించింది. “కుట్లింకా లాగుతున్నాయి బాబాయిగారూ. ఆయన్నడిగితే ఏం తెలుస్తుందీ?”

నేను లేచి వెళ్లి వరండాలో కూర్చున్నాను.